పస్తుల నేలలో ఉపవాసం

గోదావరి డెల్టా పేరు వినగానే నిండు కాలువలు, పచ్చని వరిచేలు, కొబ్బరితోటలు తలపునకు రావడం నేటి పాఠకునికి సహజమే అయినా, పంతొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధంలో ఆ సీమ స్థితి వేరు. అపారమైన జలరాశి ఏటా కళ్ళముందే సముద్రంలో కలిసిపోతుండగా, వానలు తప్పిన సంవత్సరం ఇరుగట్ల పొలాలూ బీళ్ళుపడేవి. ఇంజరం, మాధవాయపాలెం వర్తకస్థానాల నుండి సాగిన వస్త్రవ్యాపారం క్షీణించడంతో నేతకుటుంబాలు జీవనాధారాన్ని కోల్పోయాయి. శిస్తు బకాయిల భారం కింద జమీందారీలు ఒక్కొక్కటిగా వేలానికి వచ్చాయి. 1832–33లో తెలుగుదేశాన్ని కబళించిన నందన కరువు, గుంటూరు సీమలో డొక్కల కరువుగా జనస్మృతిలో మిగిలినది, గోదావరి మండలాన్నీ విడిచిపెట్టలేదు. 1839 నవంబరులో తుపానుతో వచ్చిన ఉప్పెన కోరంగి రేవును ముంచివేసింది. 1821లో సుమారు 7 లక్షల 38 వేలుగా లెక్కకు వచ్చిన రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. ఆ తరుగుదలలో మరణాల వంతెంత, వలసల వంతెంత అన్న చర్చ ఎలా ఉన్నా, ఆకలి అన్నది ఆనాటి డెల్టా ప్రజలకు ఎన్నుకొనే అవకాశమున్న విషయం కాదని మాత్రం నిశ్చయంగా చెప్పవచ్చు.

ఈ రెండు విపత్తుల నడిమికాలంలోనే, 1836లో, ఇంగ్లాండు నైరుతి మూలనున్న బార్న్‌స్టేపుల్ పట్టణం నుండి విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు యువకులు సతీసమేతంగా మద్రాసు రేవులో దిగి, అనతికాలంలోనే నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలకు చేరారు. వారిని వెంటబెట్టుకొని వచ్చినవాడు ఆంథొనీ నారిస్ గ్రోవ్స్. లాభసాటి దంతవైద్యవృత్తిని విడిచి బాగ్దాదుకు వెళ్ళి, 1831 నాటి మహమ్మారిలో అక్కడ భార్యను కోల్పోయినవాడు. ఆస్తిని కూడబెట్టరాదు, జీతాన్ని కోరరాదు, అవసరాన్ని మనుష్యులకు కాక దేవునికే విన్నవించుకోవాలి అన్నది ఆయన బోధ. బౌడెన్ రాతిపనివాడు, బీర్ చెప్పులు కుట్టేవాడు. విశ్వవిద్యాలయ పట్టాలుగాని, సంఘం నుండి నియతవేతనంగాని లేని ఈ ఇద్దరూ డెల్టాకు తెచ్చిన క్రైస్తవం కంపెనీ దొరల చర్చిలలో ఆదివారం నాడు వినిపించే క్రైస్తవానికి చాలా దూరమైనది. రొట్టె కొరకు ప్రార్థించడం వారికి అలంకారప్రాయమైన పలుకు కాదు. ఇంట్లో సరుకులు నిండుకున్ననాటి నిత్యకృత్యం. తరువాతి కాలంలో గోదావరి డెల్టా మిషన్‌గా ప్రసిద్ధి చెందిన సంస్థకు ఈ లేమి తొలి పెట్టుబడి అయింది. వారి కుమారులు కూడా ఈ నేలమీదనే ఆ పనిని కొనసాగించారు.

శ్రమను, అంటే క్రైస్తవ పరిభాషలో బాధను, గురించి ఈ బోధకులు చెప్పినదేమిటో గ్రహించాలంటే కొంత వెనుకకు వెళ్ళాలి. క్రీస్తు అరణ్యంలో నలభై దినాలు ఉపవసించినట్లు, గెత్సెమనె తోటలో వేదనతో ప్రార్థించినట్లు, దూషించినవారిని ప్రతిగా దూషించక సిలువను సహించినట్లు సువార్తలు చెబుతాయి. ఆ సహనాన్ని విశ్వాసికి మాదిరిగా నిలిపినది ప్రధానంగా పేతురు మొదటి పత్రిక రెండవ అధ్యాయం. అయితే అక్కడ ఒక సంగతిని సాధారణంగా ప్రసంగాలలో దాటవేస్తారు. అన్యాయంగా దెబ్బలు తిన్నప్పుడు కూడా ఓర్చుకొమ్మన్న ఆ హితవు సర్వజనులను ఉద్దేశించి చెప్పినది కాదు. ఇతరుల గృహాలలో ఊడిగం చేస్తున్న దాసులను సంబోధించి చెప్పినది. యజమానులను ఉద్దేశించిన వాక్యం అక్కడ లేదు. రోమక సామ్రాజ్యంలో దాసునికి తిరుగుబాటు మరణతుల్యం కనుక, అతనికి అందుబాటులో ఉన్న ఏకైక గౌరవాన్ని, అంటే తన బాధకు తానే అర్థం చెప్పుకొనే స్వాతంత్ర్యాన్ని, ఆ పత్రిక ప్రసాదించిందని కొందరంటారు. దాస్యాన్ని ప్రశ్నించకుండా సహనాన్ని మాత్రమే బోధించడం యజమానులకే ఉపకరించిందని మరికొందరంటారు. రెండు వాదాలలోనూ సత్యం ఉంది. ఈ పత్రికను గోదావరి డెల్టాలో తెలుగులో చదివి వినిపించినప్పుడు వినడానికి చాపమీద కూర్చున్నవారు అధికసంఖ్యాకులు పాలేర్లు, పాలేర్ల భార్యలు.

ఉపవాసం విషయంలో క్రైస్తవ సంప్రదాయం ఏకకంఠంగా మాట్లాడలేదు. తొలి శతాబ్దాలలోనే బుధ, శుక్రవారాలు ఉపవాసదినాలుగా స్థిరపడ్డాయి. పునరుత్థాన పండుగకు ముందు నలభై దినాల దీక్ష నాలుగవ శతాబ్దినాటికి సుపరిచితమైంది. పదహారవ శతాబ్ది సంస్కరణోద్యమం ఈ ఆచారాన్ని అనుమానించింది. దేహాన్ని శుష్కింపజేసి పుణ్యం సంపాదించవచ్చునన్న భావన కృపాసిద్ధాంతానికి విరుద్ధమని లూథరు వాదించాడు. అయినా ఉపవాసాన్ని నిషేధించలేదు. దాన్ని ఉత్తమమైన బాహ్యశిక్షణగా అంగీకరించి, అర్హతను మాత్రం విశ్వాసానికే కట్టబెట్టాడు. ఈ సంకోచం ఓడలెక్కి రాజమండ్రికి కూడా వచ్చింది. ఇక్కడ ఏకాదశి వ్రతాలను, కార్తీక సోమవారాల నక్తాలను చూసిన మిషనరీలకు అది మరింత బలపడింది. కొత్తగా సంఘంలో చేరినవారు ఉపవాసం ద్వారా పాతదారిలోనే పుణ్యాన్వేషణ చేస్తారేమోనన్న భయం వారిది. భయం నిరాధారమైనది కాదు, కాని అది సగం చూపు మాత్రమే.

1847లో ధవళేశ్వరం వద్ద ఆర్థర్ కాటన్ ప్రారంభించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. దేశం నలుమూలల నుండి వేలాది కూలీలు వచ్చి చేరిన ఆ పనిస్థలంలో బౌడెన్ బృందం సువార్త చెప్పింది. కాటన్ స్వయంగా భక్తిపరుడైన క్రైస్తవుడు కావడం అందుకు అనుకూలించింది. కాని క్రైస్తవచరిత్రకు ఆనకట్ట చేసిన దోహదం ఈ ప్రసంగాలకన్నా లోతైనది. పది పదిహేనేళ్ళలో డెల్టా వరిపొలాల సీమగా మారింది. 1876–78 నాటి మహాక్షామం రాయలసీమను, నెల్లూరు సీమను దహించివేసినప్పుడు ఈ ప్రాంతం దాని బారిన పడలేదు సరికదా, పొరుగుసీమలకు ధాన్యం పంపింది. అందువల్ల డెల్టాలో ఆకలి అంతరించిందనుకోవడం తొందరపాటు. ఆకలి తన స్థానాన్ని మార్చుకొన్నది. ఆకాశం ఆశ్రయంగా ఉన్న రోజులలో కరువు భూస్వామినీ పాలేరునూ కొంతమేరకైనా కలిపి బాధించేది. కాలువలు వచ్చిన తరువాత గాదెలు నిండిన ఊరిలోనే, ఆ గాదెలను నింపినవారి పేటలలో నాట్లకూ కోతలకూ మధ్యనున్న నెలలు పస్తుల నెలలయ్యాయి. అప్పు తీరేదాకా కొలువు చేయవలసిన పాలేరుతనం, కట్టు ధాన్యం, అంటరానితనం కలిసి ఈ కొత్త ఆకలికి కట్టుబాటును కల్పించాయి. డెల్టాలో క్రైస్తవ సంఘాలు వేగంగా పెరిగినది ఈ కాలంలోనే. చేరినవారిలో మాలలు, మాదిగలు మెండు. సంపద నడుమ లేమిని అనుభవించినవారికి శ్రమను గూర్చిన ప్రశ్న ప్రకృతిని గూర్చినది కాదు, న్యాయాన్ని గూర్చినది.

ఇతర మిషన్ల వృత్తాంతాన్ని సంక్షేపంగా చెప్పుకోవచ్చు. ఉత్తర జర్మనీ మిషన్ సంఘం పక్షాన లూయీ వాలెట్ 1845లో రాజమండ్రిలో పని ప్రారంభించాడు; కొన్నేళ్ళకు అది అమెరికా లూథరన్ల చేతికి వచ్చింది. నిధులు కొరవడి 1869లో ఆ క్షేత్రాన్ని వేరొక సంఘానికి అప్పగించబోతున్న తరుణంలో, 1842లోనే గుంటూరులో మిషన్‌ను స్థాపించిన ఫాదర్ హయ్యర్ తన డెబ్భై ఆరవ ఏట మళ్ళీ సముద్రం దాటి వచ్చి దాన్ని నిలబెట్టాడు. ఎగువన దుమ్ముగూడెంలో, నదీయాన నిర్మాణాలను పర్యవేక్షించిన హేగ్ అనే సైనిక ఇంజనీరు ప్రేరణతో, ఇందుకూరి వెంకటరామరాజు కోయల మధ్య చర్చి మిషనరీ సొసైటీ పనికి పునాది వేశాడు.

కాకినాడ కథలో మాత్రం ఒకచోట ఆగాలి. అక్కడి బాప్టిస్టు సంఘానికి మూలపురుషుడు విదేశీయుడు కాదు. తంతి శాఖలో స్థిరమైన ఉద్యోగాన్ని వదులుకొని, సంఘపోషణ కోసం అప్పులపాలైన థామస్ గాబ్రియేలు అనే తెలుగువాడు. ఆయన విన్నపం మీదనే కెనడా బాప్టిస్టులు ఈ క్షేత్రాన్ని స్వీకరించారు. 1874లో జాన్ మెక్లారిన్ కాకినాడ చేరాడు. గాబ్రియేలు 1875 జనవరి 1న మరణించాడు. మిషన్ చరిత్రలలో ఆయనకు దక్కిన స్థలం ఆయన తలకెత్తుకున్న భారంతో పోలిస్తే స్వల్పం. చందాలతో నడిచే సంస్థలు తమ చందాదారుల కోసం రాసుకొన్న చరిత్రలు గనుక అందులో ఆశ్చర్యమేమీ లేదు.

మతం మారినవారు ఎదుర్కొన్న హింసను గురించి డెల్టాకన్నా దక్షిణాన ఒంగోలు సీమలో లభించే సాక్ష్యం వివరమైనది. రెండు చోట్లా గ్రామవ్యవస్థ ఒకే అచ్చుది కనుక దాన్ని ఇక్కడ ప్రస్తావించడం అసంగతం కాదు. మాదిగలు క్రైస్తవులై ఆదివారం పనికి రామన్నారు. జాతరలలో డప్పు కొట్టబోమన్నారు. ఈ రెండు నిరాకరణలూ మతవిషయకాలుగా కనిపించినా గ్రామం వాటిని సేవాధర్మభంగంగా చూసింది. కరణాలు, పెద్దలు కలిసి నీళ్ళు ఆపించారు, పనులు మాన్పించారు, దొంగతనాల నేరాలు మోపించారు. పని లేదంటే తిండి లేదు. అంటే ఆ కుటుంబాలు విశ్వాసం పేరిట అక్షరాలా పస్తులున్నాయి.

అదే ఒంగోలులో 1854 జనవరి 1న తెల్లవారుజామున మిషనరీ లైమన్ జూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు క్రైస్తవులు కొండమీద మోకరించి ప్రార్థించిన సంఘటన బాప్టిస్టు సాహిత్యంలో ప్రఖ్యాతం. పాతికేళ్ళ తరువాత కరువు పనుల అనంతరం 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందడాన్ని ఆ ప్రార్థనకు ఫలంగా చెప్పుకోవడం పరిపాటి. కార్యకారణ సంబంధాన్ని అంత సూటిగా అంగీకరించడం చరిత్రకారునికి కష్టం. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కరువుకూలీ ఇప్పించిన మిషనరీ జాన్ క్లౌ పనితీరును, కూలి కోసమే చేరారన్న అపవాదు రాకుండా కరువు తీరేదాకా ఆయన బాప్తిస్మాలు ఆపివేసిన సంగతినీ కలిపి చూడాలి. ఆ ఉద్యమానికి తొలి నాయకుడైన యెర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం పొందేనాటికే రాజయోగ గురువుల వద్ద శిష్యరికం చేసినవాడు. ధ్యానం, నియమం, గురుసన్నిధి అతనికి కొత్తవి కావు. అచలయోగుల, వీరబ్రహ్మేంద్ర సంప్రదాయపు తత్త్వాలు మాలమాదిగ పేటలలో రాత్రిపూట ఏకతారతో వినిపించిన దేశమిది. దీక్ష, తపస్సు ద్విజులకే పరిమితమనుకొన్న మిషనరీలు ఈ అంతర్వాహినిని ఆలస్యంగా గుర్తించారు. గుర్తించినవారు కూడా దాన్ని సోపానంగా చూశారేగాని సంపదగా చూడలేదు.

సంకీర్తనం విషయంలో వారి దృష్టి మరింత ఉదారంగా ఉండింది, అందుకు పురుషోత్తమ చౌధరి కారణం. 1803లో జన్మించి, 1833లో క్రైస్తవం స్వీకరించి, 1890 వరకు జీవించిన ఈ బ్రాహ్మణ పండితుడు రాగతాళ నిర్దేశంతో రచించిన కీర్తనలు డెల్టాలోని ప్రతి సంఘానికీ చేరాయి. సిలువశ్రమను ఆయన వర్ణించిన తీరులో ఇంగ్లీషు కీర్తనల నిగ్రహం లేదు. తెలుగు భక్తికవిత్వానికి సహజమైన ఆర్తి, సంబోధన, నిష్ఠురం ఉన్నాయి. లూథరన్, బాప్టిస్టు, ఆంగ్లికన్ భేదాలను లెక్కచేయక ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటి అందరి చేతుల్లోకి వెళ్ళగా, ప్రసంగం చేయలేని పని పాట చేసింది. చదువురాని స్త్రీ కూడా శ్రమల కాలంలో ఆ కీర్తనల ద్వారా క్రీస్తు వేదనను తన వేదనతో జతకూర్చుకొన్నది. భస్మ బుధవారంతో మొదలై మట్టల ఆదివారం, శుభ శుక్రవారం మీదుగా పునరుత్థాన పండుగకు ముందురోజుతో ముగిసే, ఆదివారాలు లెక్కించని ఆ నలభై దినాలు డెల్టా సంఘాలలో క్రమంగా దీక్షాకాలంగా రూపొందాయి. మాంసం మానడం, ఒంటిపూట భోజనం, సాయంత్రపు ధ్యానకూటం, శుభ శుక్రవారం నాడు సిలువపై పలికిన ఏడు మాటల మీద మూడుగంటల ఆరాధన ముగిసేదాకా నీళ్ళు కూడా ముట్టకపోవడం, వీటిలో ఎంత సంఘం ఆదేశించినది, ఎంత ఇరుగుపొరుగు వ్రతాచారం నుండి సంక్రమించినది అని వేరుచేయబూనడం వృథాశ్రమ. ప్రశ్న మరొకటి ఉంది. తినడానికి లేనివారు తినకుండా ఉండడాన్ని ఎందుకు ఎన్నుకొన్నారు?

నా అభిప్రాయం ఇది. విధింపబడిన పస్తు మనిషిని అవమానిస్తుంది. దానికి సాక్షి లేడు, కాలపరిమితి లేదు, ప్రయోజనం లేదు. దీక్షగా స్వీకరించిన ఉపవాసానికి ఆరంభముంది, అంతముంది, చూస్తున్న దేవుడున్నాడు, కలిసి కూర్చున్న సంఘముంది. రెండింటిలోనూ కడుపు ఒకేలా కాలుతుంది. కాని రెండవ దానిలో కర్త తానే. ఊరిలో ఏ నిర్ణయానికీ కర్త కాని మనిషికి ఇది చిన్న విషయం కాదు. వండేటప్పుడల్లా గుప్పెడు బియ్యం తీసి వేరుగా ఉంచి ఆదివారం సంఘానికి సమర్పించే ఆచారం తెలుగు క్రైస్తవ స్త్రీలలో వ్యాపించడం కూడా ఇటువంటిదే. భిక్ష పుచ్చుకొనేవారుగా లెక్కకు వచ్చినవారు ఆ గుప్పెడుతో దాతలయ్యారు. తమకు జరుగుతున్నదాన్ని తాము చేస్తున్నదానిగా మార్చుకోవడమే ఈ ఆచారాలలోని ఆంతర్యం. దీన్ని ఓటమికి సమర్థనగా కొట్టివేసే విమర్శకులు ఆ మార్పు మనిషి నడుముకు ఎంత బలమిస్తుందో గ్రహించినట్లు కనబడరు. అదే సమయంలో, ఆ మార్పు వల్ల కూలిరేటు ఒక్క కుంచం కూడా పెరగలేదన్న సంగతిని భక్తులు మరువరాదు.

ఇరవయ్యవ శతాబ్ది ప్రారంభంలో ప్రార్థనకు కొత్త ఊపు వచ్చింది. వేల్సులోని ఉజ్జీవం, పండిత రమాబాయి ముక్తిసదనంలో 1905లో చెలరేగిన ఉజ్జీవం ఒకదాని వార్త మరొకదానికి ఆజ్యం కాగా, 1906లో తెలుగు బాప్టిస్టు సంఘాలలో కూడా రాత్రంతా సాగిన ప్రార్థనలు, బహిరంగ పాపాంగీకారాలు, కన్నీళ్ళు కనిపించాయి. మిషనరీలు మొదట వెరచి తరువాత సంతోషించారు. ఆవేశం సహజంగానే చల్లారింది. మిగిలినది ఒక అలవాటు. కష్టం వచ్చినప్పుడు పాస్టరు కోసం ఎదురుచూడక నలుగురు ఇంట్లో కూడి ఉపవసించి ప్రార్థించడం. ఇదే కాలంలో మిషన్లు మరొక సమాధానాన్ని కూడా నిర్మిస్తున్నాయి. రామచంద్రాపురంలో కెనడా బాప్టిస్టు మిషనరీ ఇసబెల్ హాచ్ చొరవతో కుష్ఠరోగులకు ఆశ్రయం ఏర్పడింది. రాజమండ్రిలో డాక్టర్ లిడియా వోర్నర్ కృషితో 1911లో లూథరన్ ఆసుపత్రి వెలిసింది. రోగాన్ని దేవుని ముందు ఓర్చుకోవాలా, వైద్యుని వద్దకు తీసుకుపోవాలా అన్న సందిగ్ధం ఆ సంస్థలను నడిపినవారికి లేదు. ప్రార్థనతో మొదలై శస్త్రచికిత్సతో సాగడమే వారి దినచర్య.

ఈ రెండు ధారల మధ్య నిలిచిన వ్యక్తి ముంగమూరి దేవదాసు. రాజమండ్రి సమీపంలోని జేగురుపాడులో పుట్టి, లూథరన్ సంస్థలలో ఉపాధ్యాయుడుగా, బోధకుడుగా దీర్ఘకాలం పనిచేసిన ఆయన అవివాహితుడు, మితభాషి, మితాహారి. అనుయాయులకు ఆయన అయ్యగారు. 1938 జనవరి 31న రాజమండ్రిలో ప్రార్థనలో ఉండగా బైబిలు మిషన్ అన్న పేరు అక్షరాలుగా కనిపించిందని ఆయన సాక్ష్యం. అప్పటికి వృద్ధుడైన ఆయన, జీవితమంతా సేవించిన సంఘం నుండి వేరై, విదేశీ నిధి ఎరుగని ఒక స్వతంత్రసమాజాన్ని ప్రారంభించాడు. 1927లోనే ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం స్వయంపాలనకు తొలి అడుగు వేసి ఉన్నా, సిద్ధాంత నిర్ణయాలు, ధనం ఇంకా మిషనరీల చేతుల్లోనే ఉన్న రోజులవి. దర్శనాలకు, స్వస్థతకు దేవదాసు ఇచ్చిన ప్రాధాన్యం లూథరన్ పెద్దలకు మింగుడుపడలేదు. వారిని సంకుచితులనడం సులభమే గాని, వ్యక్తి దర్శనం లిఖితవాక్యాన్ని మించిపోతే సంఘం ఏ గట్టున నిలుస్తుందన్న వారి ఆందోళన విచారణార్హమే.

ఆయన పద్ధతిలో కేంద్రస్థానం సన్నిధి కూటానిది. విశ్వాసులు నేలమీద కూర్చుని, పాపాలను ఒప్పుకొని, మౌనంగా దేవుని సమక్షంలో కనిపెట్టుకొని ఉండడం. ఉపవాసం ఆ కనిపెట్టుటకు దేహాన్ని సిద్ధపరిచే సాధనం. దీనిలో యోగాభ్యాసపు ఛాయ ఉందని పరిశీలకులు అన్నారు. దేవదాసు తన బోధను బైబిలు మీదనే నిలిపాడు, అయినా ఆ ఛాయను కాదనడం కష్టం. ఆయన రచించిన కీర్తనలలో దుఃఖితుని మందలించి ధైర్యపరిచే వాత్సల్యం ప్రధానం; శ్రమ అనేది శిక్ష కాదు, మహిమకు ముందరి గది అన్న దృష్టి వాటిని ఆవరించి ఉంటుంది. తరువాత గుంటూరులోని కాకానితోటకు కేంద్రాన్ని మార్చి, 1960లో మరణించేవరకు అక్కడే ఆయన రోగులను, దయ్యం పట్టినవారనిపించుకొన్నవారిని, సంతానం లేనివారిని ఆదరించాడు. వారిలో క్రైస్తవులు కానివారూ ఉన్నారు. బైబిలు మిషన్‌ను గురించి ప్రామాణిక పరిశోధన చేసిన పి. సోలమన్ రాజు స్వయంగా లూథరన్ పండితుడు, చిత్రకారుడు కావడం విశేషం. ఒకప్పుడు పొమ్మన్న సంఘంలోనే ఆ మనిషిని సానుభూతితో చదివినవాడు పుట్టాడు.

1950లో హైదరాబాదులో హెబ్రోనును కేంద్రంగా చేసుకొన్న సువార్తికుడు భక్తసింగ్ ఉద్యమం కూడా ఉపవాస ప్రార్థనలను, రాత్రి ప్రార్థనలను డెల్టా పట్టణాలకు విస్తరించింది. పెంతెకోస్తు సంఘాలు వాటిని వారం వారం జరిగే కార్యక్రమాలుగా మార్చాయి. కథోలికులలో ఇదే భావం వేరొక రూపం ధరించింది: తూర్పుగోదావరి జిల్లాలో గౌరీపట్నం వద్ద నిర్మలగిరి కొండకు మార్చి నెలలో మరియమాత ఉత్సవానికి వచ్చే యాత్రికులలో క్రైస్తవేతరులూ తక్కువ కాదు. నేడు రాజమండ్రి, కాకినాడ, భీమవరం వీధులలో శుక్రవారం ఉపవాస కూటాల ప్రకటనలు సర్వసాధారణం. ఉదయం మొదలై మధ్యాహ్నం దాటాక కలిసి భోజనం చేయడంతో ముగిసే ఈ కూటాలలో స్త్రీల సంఖ్య ఎక్కువ. కుమారుని ఉద్యోగం, భర్త తాగుడు, కువైటు వెళ్ళిన కుమార్తె క్షేమం ప్రార్థనాంశాలు. 1986 ఆగస్టు వరదలోనూ, 1996 నవంబరు 6న కోనసీమను చిన్నాభిన్నం చేసిన తుపానులోనూ ఈ కూటాల స్త్రీలే ముందుగా వంటపొయ్యిలు వెలిగించి ఉంటారని ఊహించడానికి నాకు అభ్యంతరం లేదు, అయితే అది ఊహే.

ఆక్షేపణీయమైన పరిణామాలను దాచిపెట్టడం ఉచితం కాదు. ఉపవాసాన్ని బేరంగా మార్చి, ఇన్ని దినాలకు ఇంత ఫలమని వాగ్దానం చేసే ప్రసంగీకులు బయలుదేరారు. స్వస్థత రాకపోతే రోగి విశ్వాసలోపాన్ని నిందించే క్రూరత్వమూ ఉంది. మధుమేహానికి మందు మానిపించిన సందర్భాలు వైద్యులకు తెలుసు. పుణ్యసంపాదన గురించి తొలి మిషనరీలు పడిన భయం ఇక్కడ, ఊహించని దిక్కు నుండి, నిజమైంది. సంఘం లోపలి కులం గురించి ఈ భక్తి చాలాకాలం మౌనం వహించింది. మాల సంఘం, మాదిగ సంఘం వేర్వేరుగా ఉపవసించిన ఊళ్ళున్నాయి. ఉపవాసం అంటే అన్యాయపు కట్లు విప్పడం, ఆకలిగొన్నవారికి ఆహారం పంచడం అని ప్రకటించిన యెషయా యాభై ఎనిమిదవ అధ్యాయం శ్రమకాలంలో తరచుగా చదవబడుతుంది. ఆచరణలో దానికి దక్కిన స్థానం పేతురు పత్రికకు దక్కినంత కాదు.

అయితే ఆ అధ్యాయం పూర్తిగా నిష్ఫలం కాలేదు. తెలుగునాట ఉపవాసానికి రాజకీయ ప్రయోజనం కూడా ఉన్నదని 1952లో పొట్టి శ్రీరాములు 58 దినాల దీక్షతో, ప్రాణత్యాగంతో అందరికీ తెలిసింది. క్రైస్తవులకు అటువంటి ఉపవాసం చేయవలసిన కారణం అంతకు రెండేళ్ళ ముందే ఏర్పడింది: 1950 ఆగస్టు 10న వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. తరువాత సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో దాన్ని విస్తరించినా, క్రైస్తవులైన దళితులకు వర్తింపజేయలేదు. ఆంధ్రప్రదేశ్‌లో వారు వెనుకబడిన తరగతుల సి విభాగంలో ఒక శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టుకోవలసి వచ్చింది. బాప్తిస్మంతో అంటరానితనం పోలేదని ఊరికి తెలుసు, పోయిందని చట్టం భావించింది. ఫలితంగా డెల్టాలో ఎన్నో కుటుంబాలు చర్చిలో ఒక పేరు, ధ్రువపత్రంలో మరొక పేరు పెట్టుకొని రెండు జీవితాలు గడపవలసి వచ్చింది. శ్రమను సహించడం పరమధర్మమని నేర్చిన సంఘానికి ఈ ద్వంద్వం ఎంతటి అంతరంగబాధ కలిగించిందో బయటివారు తేలికగా గ్రహించలేరు. మోసమని నిందించినవారు మాత్రం చాలామంది.

2004 నుండి ఈ విషయం సుప్రీంకోర్టు ముందున్నది. హోదాను మతంతో ముడిపెట్టరాదని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసింది. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం విశ్రాంత ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరొక కమిషన్‌ను నియమించింది. 2023 మార్చి 24న ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఆ హోదా ఇవ్వాలని తీర్మానించింది. ఇటీవలి సంవత్సరాలలో ఆగస్టు 10ని పలు సంఘాలు నిరసన దినంగా పాటిస్తున్నాయి. ఆ రోజున నల్లబ్యాడ్జీలు ధరించి ప్రార్థిస్తారు, కొన్నిచోట్ల ఉపవసిస్తారు, మధ్యాహ్నం కలెక్టరు కార్యాలయానికి నడిచి వెళ్ళి వినతిపత్రం సమర్పిస్తారు.